ముందు రంగు డబ్బాలు కొనకండి

పొకీప్సీ, న్యూయార్క్ రాష్ట్రం

తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయి.

ఆ పాత ఇనుప వంతెనని నడకకీ సైకిళ్లకీ బాగు చేయిద్దామని మీ కాలనీవాళ్లు పూనుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది. కానీ నువ్వు పంపిన పద్దులో మొదటి రెండు వరసలూ రంగు, దీపాలే. అవి ఆఖర్న రావాలి. తుప్పు మీద రంగు వేస్తే మనం చూడాల్సినవన్నీ దాని కిందికి పోతాయి. మన విశాఖ ఉప్పుగాలికి అది ఒక్క వర్షాకాలం నిలిచినా గొప్పే. చేతిలో ఉన్న మొదటి డబ్బు తనిఖీకి పెట్టండి.

ఇక్కడ మా ఊళ్లో హడ్సన్ నది మీద 1889లో తెరిచిన రైలు వంతెన ఉంది. 1974 మే 8న కొయ్య స్లీపర్లకి నిప్పంటుకుని రైళ్లు ఆగిపోయాయి. దాన్ని నడక వంతెనగా మార్చడానికి 1992లో ఒక స్వచ్ఛంద సంఘం మొదలైంది, 1998లో వంతెన వాళ్ల చేతికొచ్చింది, 2009 అక్టోబరు 3న జనానికి తెరిచారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, దాదాపు 3.9 కోట్ల డాలర్ల ఖర్చు. పైన మళ్లీ కొయ్య వేయకుండా, బయట పోత పోసి తెచ్చిన కాంక్రీట్ పలకలు పరిచారు. మొదలుపెట్టిన నాటి నుంచి తెరిచే నాటికి 17 ఏళ్లు. మీది చిన్న వంతెనే అయినా, వచ్చే సంక్రాంతికి తెరుస్తామని ఎవరికీ మాటివ్వకండి.

"లారీలనే మోసింది, మనుషులెంత?" అని మీ సంఘంలో ఎవరో అన్నారని రాశావు. ఆ లెక్క తప్పు. జనం గుమిగూడే చోట చదరపు మీటరుకి 500 కిలోల బరువు లెక్కగట్టాలి. స్పాను, అంటే రెండు ఆధారాల మధ్య దూరం, 30 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు అనుకో. జనంతో నిండితే 45 టన్నులు. దానికి తోడు నడిచే చోట 15 సెంటీమీటర్ల మందాన కాంక్రీట్ వేస్తే ఇంకో 34 టన్నులు. ఒక లారీకి అంత బరువు ఎక్కడిది? అందుకే డెక్కు, అంటే నడిచే పైతలం, తేలిగ్గా ఉండాలా, కాంక్రీట్ కావాలా అన్నది ఉక్కు ఎంత మిగిలిందో తేలాకే చెప్పగలం.

తనిఖీ అంటే కింద నిలబడి బైనాక్యులర్స్‌తో చూడ్డం కాదు, చెయ్యి ఆనేంత దగ్గరికి వెళ్లాలి. ముందుగా కింది దూలానికి ఏటవాలు కమ్మీలు వచ్చి కలిసే మూలలు చూడండి. అక్కడ వాటిని కలిపే గుసెట్ ప్లేటు పక్కన పావురాల రెట్ట, మట్టి, ఆకులు పేరుకుని ఉంటాయి. వాన వెలిసి రెండు రోజులైనా ఆ మట్టి తడిగానే ఉంటుంది. గరిటెతో తోడి చూస్తే కింద ఉక్కు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. రెండు ప్లేట్ల మధ్యలో తుప్పు పట్టిందంటే ఇంకా ప్రమాదం. తుప్పు ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ప్లేట్లని విడదీసి, ఉబ్బించి, వాటిని కలిపి ఉంచే రివెట్ మేకుల తలల్ని తెంపేస్తుంది. రివెట్ పరీక్షకి యంత్రం అక్కర్లేదు. తలకి ఒక పక్క వేలు ఆనించి రెండో పక్క చిన్న సుత్తితో కొట్టాలి. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే వేలి కింద కదులుతుంది. ప్లేటు మందానికి మాత్రం ధ్వని తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ గేజి కావాలి. తుప్పు గీకి మెరిసే లోహం కనపడ్డాకే పెట్టాలి, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లేటు 9కి వచ్చిందంటే పావు వంతు పోయినట్టే.

పాడైన రివెట్లకి బదులు హైటెన్సైల్ (ఎక్కువ బలం గల) బోల్టులు వేయొచ్చు. ఒక్కొక్కటే తీసి, దాని చోట బోల్టు బిగించాకే ఇంకోటి ముట్టుకోవాలి. వెల్డింగ్‌వాణ్ణి మాత్రం దగ్గరికి రానివ్వకు. ఆ కాలపు ఇనుములో గంధకం, భాస్వరం ఎక్కువగా ఉండొచ్చు, వెల్డు పక్కనే చీలుతుంది. చిన్న ముక్క కోసి ల్యాబులో పరీక్ష చేయించకుండా ఎవరి మాటా వినకండి.

ఇక రంగు. పాత పూతల అడుగున ఎర్రగా కనపడేది సిందూరం కావచ్చు, అంటే సీసం. దాన్ని బయట గాలిలో గీకితే ఆ పొడి పనివాళ్ల ఒంట్లోకీ ఏట్లోకీ పోతుంది. చుట్టూ పరదాలు కట్టి, పొడి పట్టి, విడిగా పారవేయించాలి. బ్లాస్టింగ్‌కి (గాలి ఒత్తిడితో గింజలు చిమ్మి తుప్పు వదలగొట్టే పనికి) మామూలు ఇసుక వద్దు, ఊపిరితిత్తులు పాడవుతాయి. గార్నెట్ వాడమను. మన భీమిలి ఇసుకలో మెరిసే ఎర్ర గింజలు అవే. బ్లాస్టింగ్‌కి ముందూ తర్వాతా ఉక్కు మీద ఉప్పు ఉందేమో పరీక్ష చేయించు. ఉప్పు మిగిలితే మంచినీళ్లతో ప్రెషర్‌గా కడిగి మళ్లీ బ్లాస్ట్ చేయాల్సిందే. ఇది మానేస్తే ఎంత ఖరీదైన రంగైనా పొక్కులు కడుతుంది. తేమ 85 శాతం దాటితే పని ఆపాలి. గాలిలోని తేమ నీరుగా పట్టే ఉష్ణోగ్రత కంటే ఉక్కు కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. అంటే విశాఖలో ఎండెక్కాకే పని. శుభ్రం చేసిన ఉక్కుకి నాలుగు గంటల్లోపు ప్రైమర్ (మొదటి పూత) పడాలి కాబట్టి, ఆ రోజు పూయగలిగినంత మేరే బ్లాస్ట్ చేయాలి. జింక్ ప్రైమర్, ఎపాక్సీ, పైన పాలీయూరిథేన్, మొత్తం కలిపి మందం 300 మైక్రాన్ల దాకా, అంటే 0.3 మిల్లీమీటరు.

డెక్కుకి మీటరుకి 2 సెంటీమీటర్ల వాలు పెట్టండి. నీటి గొట్టాలు కింది దూలం దాటి కిందికి దిగాలి. ఉక్కు మీదికి నీళ్లు వదిలితే పదేళ్లలో మళ్లీ ఇదే కథ. సైకిల్ టైరు ఇరుక్కునే సందు నడక దిశలో ఎక్కడా ఉండకూడదు. రైలింగు 1.4 మీటర్ల ఎత్తు, నిలువు ఊచల మధ్య 10 సెంటీమీటర్ల లోపు. అడ్డ ఊచలు పెడితే పిల్లలు ఎక్కుతారు. పాత రైలింగుని తీసేయకుండా, కొత్తది దానికి లోపలి పక్క డెక్కుకే బిగించండి.

బైకుల్ని ఆపడానికి గుంజలు పాతుతామన్నావు. వీల్‌చైర్ పట్టే సందులోంచి బైకు కూడా దూరుతుంది, అది తప్పదు. కాపలా మనిషి జీతం ఇప్పుడే లెక్కలో వేసుకోండి. దాంతోపాటే ఏటా వర్షాలు తగ్గాక ఆ మూలల్లో మట్టి తీసి, మంచినీళ్లతో కడగడానికి అయ్యే కూలి కూడా. ప్రారంభోత్సవానికి చందాలిచ్చేవాళ్లు చాలామంది వస్తారు. కడగడానికి ఇచ్చేవాళ్లని ముందే వెతుక్కోవాలి.

ఈసారి గట్టి వాన పడ్డప్పుడు గొడుగేసుకుని వంతెన కిందికి వెళ్లు. నీళ్లు ఎక్కడెక్కడ కారుతున్నాయో ప్రతి మూలా ఫొటో తీసి, స్తంభం నుంచి అది ఎన్నో మూలో నంబరు వేసి పంపించు. అవి చూశాక తనిఖీ ఎక్కడ మొదలుపెట్టాలో రాస్తాను.

నాన్నకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

మీ అక్క