మూగనోము పట్టిన ఆంప్లిఫయర్

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెబుదామంటే "మీటింగులో ఉన్నా, తర్వాత" అన్నావు. నీ తర్వాత ఎప్పుడొస్తుందో నాకు తెలుసు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. నీ కారులో పాటలు మూగబోయాయన్నావుగా, ముందు నా కారు కథ చదువు. ఇది చదివేదాకా కారు షాపుకి మాత్రం తీసుకెళ్లకు.

మొన్న తెనాలి పెళ్లికి వెళ్తుంటే, దుగ్గిరాల దాటాక పాట మధ్యలో ఆగిపోయింది. స్టీరియో మీద సెకన్లు కదులుతూనే ఉన్నాయి, శబ్దం మాత్రం లేదు. మా ఆవిడ "హమ్మయ్య" అంది, మావాడు ఏడుపు లంకించుకున్నాడు. ఇంటికొచ్చి డిక్కీ తెరిచి చూస్తే, స్టీరియో శబ్దాన్ని పెంచి స్పీకర్లకి పంపే ఆంప్లిఫయర్ మీద పచ్చలైటు మిణుకు మిణుకుమంటోంది. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్లా. అక్కడి కుర్రాడు మీటరు ఆనించి, "పన్నెండున్నర వోల్టులు వస్తున్నాయి సార్, కరెంటు బాగానే ఉంది. బోర్డు పోయింది, నాలుగు వేలవుతుంది" అన్నాడు. రెండు నిమిషాల పరీక్ష, నాలుగు వేల తీర్పు! నాకు మింగుడు పడలేదు. ఆలోచించి చెబుతానని వచ్చేశా.

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి డిక్కీలో దూరా. నీకు గుర్తుందిగా, ఆంప్లిఫయర్‌కి ప్రాణం పోసేవి మూడు తీగలు. బ్యాటరీ నుంచి వచ్చే లావు ఎర్రతీగ, కారు బాడీకి బిగించే నల్లతీగ, స్టీరియో నుంచి వచ్చే సన్నటి నీలంతీగ. దాన్నే రిమోట్ అంటారు. స్టీరియో ఆన్ చేయగానే దాంట్లో 12 వోల్టులు వస్తేనే ఆంప్లిఫయర్ నిద్ర లేస్తుంది. నీలం బాగానే ఉంది. ఇక మిగిలింది ఎరుపూ నలుపూ.

మీటరు ఎరుపుకీ నలుపుకీ పెట్టా. 12.5. షాపు కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కానీ అతను చూసింది స్టీరియో కట్టేసి ఉన్నప్పుడు. నేను మీటరు తీయకుండానే మావాణ్ణి పిలిచి స్టీరియో ఆన్ చేయమన్నా. అంకె దబ్బున 7కి పడిపోయింది, మళ్లీ 12కి లేచింది, మళ్లీ పడింది, సరిగ్గా ఆ పచ్చలైటుతో పాటే. వోల్టేజీ మరీ తగ్గితే ఆంప్లిఫయర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగితే కరెంటు లాగడం ఉండదు కాబట్టి వోల్టేజీ మళ్లీ వస్తుంది. ఆ మిణుకు సంగతి అదన్నమాట.

మీ అపార్ట్‌మెంటులో పైపులో చెత్త అడ్డుపడిందనుకో. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగా ఉన్నట్టే ఉంటుంది, తిప్పితేనే తెలుస్తుంది సన్నధార అని. తీగ ఒక్క పోగు మీద వేలాడుతున్నా ఖాళీగా ఉన్నప్పుడు మీటరు 12.5 అనే చూపిస్తుంది. 300 వాట్ల ఆంప్లిఫయర్ గట్టిగా పలికితే 40 ఆంపియర్ల దాకా లాగొచ్చు. ఆ పోగు ఏం మోస్తుంది?

తప్పు ఎరుపుదా నలుపుదా తేల్చడానికి, మీటరు నల్లపుల్లని ఆంప్లిఫయర్ నుంచి తీసి సీటు బెల్టు బోల్టుకి ఆనించా. ఎర్త్, అంటే ఆ నల్లతీగ, చెడి ఉంటే ఇప్పుడు అంకె నిలకడగా ఉండాలి. లేదు, మళ్లీ అలాగే ఊగింది. అంటే దొంగ ఎరుపు దారిలోనే ఉన్నాడు.

బానెట్ ఎత్తా. బ్యాటరీ పక్కన ఫ్యూజు, గాజు మూతలోంచి చూస్తే నవనవలాడుతోంది. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీసి (ఇది మర్చిపోకు, స్పానరు బాడీకి తగిలితే దీపావళే), ఫ్యూజు డబ్బా విప్పా. లోపల పచ్చటి చిలుం, దాని కింద తెల్లటి పొడి. తీగని ఇలా పట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది, నాలుగైదు పోగులే అంటుకుని ఉన్నాయి. గోరుతో గీకి చూస్తే పైన రాగి రంగు, లోపల వెండి రంగు. రాగి పూత పూసిన అల్యూమినియం రా! బిగించినప్పుడు అసలు రాగి అని చెప్పి డబ్బులు తీసుకున్నారు. వర్షాకాలంలో నీళ్లు చేరి తిన్నంత తిన్నాయి.

చెడిన ముక్క కత్తిరించి, కొత్త ఫ్యూజు డబ్బా వేసి బిగించా. మూడు వందలు కూడా కాలేదు. పాటలు వచ్చాయి. "మళ్లీ మొదలా" అంది మా ఆవిడ.

ఇప్పుడు నీ కథ. నీది వేరే జబ్బు. పచ్చలైటు నిలకడగా వెలుగుతోంది అన్నావు కాబట్టి కరెంటు జోలికి ఇప్పుడే వెళ్లకు. నాలుగు స్పీకర్లూ ఒక్కసారే కాలిపోవు కాబట్టి వాటినీ వదిలేయ్. పోయిన నెల కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో వేయించిన దగ్గర్నుంచే మూగబోయిందంటే నా అనుమానం స్టీరియో నుంచి ఆంప్లిఫయర్‌కి పాట మోసే ఆర్‌సీఏ వైర్ల మీదే. ఆ స్టీరియోల వెనకాల ఒకేలా కనిపించే సాకెట్లు బోలెడుంటాయి, వీడియో ఔట్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. కంగారులో అందులో గుచ్చేసి ఉంటారు. ఆంప్లిఫయర్ దగ్గర ఆర్‌సీఏ పీకి, ఫోన్ జాక్ నుంచి ఆర్‌సీఏకి వచ్చే చిన్న వైరు ఒకటి కొని ఫోన్ తగిలించు. వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టు, లేకపోతే చెవులు పోతాయి. పాట వస్తే ఆంప్లిఫయర్ నిక్షేపం, తప్పు స్టీరియో వైపే.

అప్పుడు కూడా పలకకపోతే ఒక్కో స్పీకర్ తీగలూ ఆంప్లిఫయర్ నుంచి విప్పి పెన్సిల్ సెల్లు క్షణం సేపు తాకించు. టప్ మంటే స్పీకర్ బతికే ఉంది. ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు గనక వచ్చిందంటే ఏదో స్పీకర్ తీగ షార్ట్ అయి ఉండొచ్చు. అన్నీ విప్పి, ఒక్కోటే తగిలిస్తూ రా. ఏది పెట్టగానే ఎర్రబడితే అదే.

పరీక్ష చేశాక మెసేజ్ పెట్టు. నా పాత మీటరు నీ దగ్గరే ఉంది, పట్టుకెళ్లి రెండేళ్లయింది. దీనికోసం నేను కొత్తది కొనుక్కోవాల్సి వచ్చింది. నీ దగ్గరున్న పాతదాంట్లో బ్యాటరీ అయిపోయి ఉంటుంది, మార్చుకో.

నీ,
నాని