పళ్ళొచ్చే పిల్లలకు ఆ జెల్స్ వద్దు

సంపాదకులకు నమస్కారం.

పసిపిల్లలకు పళ్ళొచ్చేటప్పుడు చిగుళ్ళకు రాయమని అమ్మే కొన్ని జెల్స్‌లో బెంజోకెయిన్ లేదా లిడోకెయిన్ ఉంటుంది. రెండూ తిమ్మిరెక్కించే మందులే. డాక్టర్ చీటీ అడగకుండా వీటిని అమ్మడం నాకు చాలా ఆందోళనగా ఉంది.

రాసిన మందు చిగుళ్ళ మీద నిలవదు. ఆ వయసులో చొంగ కారుతూనే ఉంటుంది కదా, కొంత దాంతోపాటు బయటికి పోతుంది, కొంత గొంతులోకి దిగుతుంది. బిడ్డ మళ్ళీ ఏడుస్తుంది, తల్లి మళ్ళీ రాస్తుంది. లోపలికి ఎంత పోయిందో ఎవరికీ తెలియదు. బెంజోకెయిన్ ఒక్కసారి రాసినా కొందరిలో రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి పడిపోవచ్చు. పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి, ప్రాణం మీదికే రావచ్చు. అందుకే రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా చెప్పింది. లిడోకెయిన్ గురించి 2014లోనే హెచ్చరించింది. పళ్ళ నొప్పి తగ్గుతుందని మెడలో వేసే అంబర్ (గట్టిపడిన చెట్టు జిగురు) పూసల దండలూ వద్దంది. అవి గొంతుకు బిగుసుకోవచ్చు, తెగితే పూస గొంతులో అడ్డుపడవచ్చు.

తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. అర్ధరాత్రి ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని తిరిగేవాళ్ళు షాపులో ఏదిస్తే అదే రాస్తారు. జాగ్రత్తపడాల్సింది తయారుచేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వాళ్ళకు అనుమతిచ్చే అధికారులు. ఒకప్పుడు బ్రిటన్‌లో పళ్ళొచ్చే పిల్లలకు పాదరసం కలిసిన పొడులు ఇచ్చేవారు. ఒళ్ళు ఎర్రబడి పిల్లలు విలవిల్లాడే 'పింక్ డిసీజ్' వాటివల్లే వచ్చేది. 1950లలో ఆ పొడులను ఆపేశాక జబ్బు దాదాపు మాయమైంది. ఈ జెల్స్ విషయంలోనూ అధికారులు అలాగే కదలాలి. ఈలోగా కనీసం 'రెండేళ్ళలోపు పిల్లలకు వాడరాదు' అని డబ్బా ముందువైపు, అందరికీ అర్థమయ్యే భాషలో, పెద్ద అక్షరాలతో వేయించాలి.

నిజానికి ఈ నొప్పికి పెద్ద మందులేమీ అక్కర్లేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని, ఉబ్బిన చిగురును వేలితో మెల్లగా రుద్దితే చాలు, బిడ్డ ఆ వేలినే గట్టిగా కొరుకుతూ కాసేపు ఊరుకుంటుంది. గట్టి రబ్బరు రింగును ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇవ్వవచ్చు. గడ్డకట్టేలా ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, అది చిగుళ్ళను గాయపరుస్తుంది. గడ్డం కింద తడిని మెత్తటి గుడ్డతో అద్దుతూ ఉంటే చర్మం ఒరుసుకుపోదు. నొప్పి మరీ ఎక్కువైతే పారాసిటమాల్ ఇవ్వొచ్చా, ఎంత ఇవ్వాలి అన్నది బిడ్డ బరువును బట్టి డాక్టరే చెప్పాలి.

ఇంకొక్క మాట. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటిన జ్వరానికీ విరేచనాలకూ పళ్ళు కారణం కావు. 'పళ్ళొస్తున్నాయిలే' అనుకుని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు