వద్దనుకుంటే ఆడవద్దు, దిగితే చేయి కలపాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 ఆసియా కప్ క్రికెట్‌లో మనవాళ్లు పాకిస్తాన్ ఆటగాళ్లతో చేయి కలపకపోవడాన్ని చాలామంది మెచ్చుకున్నారు. పహల్గాంలో 26 మందిని పొట్టన పెట్టుకున్నవారి మీద నాకూ అంతే కోపం ఉంది. దేశం ముందు, ఆట తర్వాత అని నమ్మేవాణ్ని. అందుకే ఈ పద్ధతి నాకు మింగుడు పడలేదు.

1974లో మన టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. ఎదుటి జట్టు దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష పాటించే దేశంతో ఆట వద్దని ప్రభుత్వం నిర్ణయించింది, మనం దిగలేదు, కప్పు వాళ్లకు పోయింది. మన పక్కనున్న మద్రాసు కుర్రాళ్లు అమృత్‌రాజ్ సోదరులు ఆ జట్టులోనే ఉన్నారు. ఆ కప్పు మనకు ఈనాటికీ దక్కలేదు. నష్టం పెద్దదే, కానీ దేశం చెప్పదలచుకున్నది సూటిగా చెప్పింది.

2025లో ఏం జరిగింది? పాకిస్తాన్‌తో విడిగా ఆడం, పలు దేశాలు ఆడే టోర్నీలో అయితే ఆడతాం అని ఆగస్టులో క్రీడాశాఖ ప్రకటించింది. సెప్టెంబరులో దుబాయ్‌లో మూడుసార్లు ఆడాం. ప్రభుత్వం తేల్చవలసిన కఠినమైన మాటను ఆటగాళ్ల అరచేతుల్లో పెట్టారు. ఫైనల్లో 69 పరుగులతో చివరిదాకా నిలిచి గెలిపించిన మన తెలుగు కుర్రాడు తిలక్ వర్మ ఆ రాత్రి కప్పు ముట్టుకోకుండానే మైదానం వీడాడు. కప్పు ఇవ్వడానికి నిలబడ్డ మొహ్సిన్ నఖ్వీ చేతుల మీదుగా తీసుకోమని మనవాళ్లు అన్నారు. ఆయన అప్పటికి పాక్ హోంమంత్రి, అక్కడి క్రికెట్ బోర్డుకూ ఆసియా క్రికెట్ మండలికీ అధ్యక్షుడు. మంత్రికి ఆటల కుర్చీ ఎందుకు? మన బోర్డులో మంత్రులు ఉండకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

2021లో అదే దుబాయ్‌లో, ప్రపంచ కప్ మ్యాచ్‌కు ముందు మనవాళ్లు మోకాలిపై కూర్చున్నారు. 2016లో అమెరికాలో జాతీయగీతం వేళ అక్కడి ఫుట్‌బాల్ ఆటగాడు కెపర్నిక్ జాతివివక్ష మీద మొదలుపెట్టిన నిరసన అది. యాజమాన్యం చెబితే చేశామని కోహ్లీయే అన్నాడు. పైవారు చెబితే వంగిన మోకాలు ఎవరి నిరసన?

తిరుపతిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. మోచేతులు గీసుకుపోయినా సరే, ఓడిన జట్టే ముందు వెళ్లి చేయి కలపాలని పిల్లలకు నేర్పాను. మొన్న ఒక కబడ్డీ పోటీకి వెళితే బనియన్ల మీద నంబరు కన్నా నాయకుడి బొమ్మే పెద్దది. ఆయన కోసం ఫైనల్ ఆపేశారు. ఒళ్లు వేడెక్కించుకుని సిద్ధమైన పిల్లలు సున్నపు గీత పక్కన చతికిలబడ్డారు. ఆయన వచ్చి ప్రసంగం ముగించేసరికి ఒళ్లు బిగుసుకుపోయింది. రెండో కూతకే ఒక పిల్లవాడికి తొడ కండరం పట్టేసింది. వాడు కుంటుతూ బయటికి వస్తుంటే వేదిక మీద శాలువాలు కప్పుతున్నారు.

పోటీలు జరిపేవారికి నా మనవి: అతిథి వచ్చినా రాకపోయినా వేళకు ఈల వేయండి. పిల్లల బనియన్లను వదిలేయండి. సంపాదకులారా, మీరు కూడా మీ జిల్లా పేజీలో గెలిచిన పిల్లల పేర్లన్నీ వేశాకే అతిథి పేరు వేయండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, తిరుపతి