నాన్న పుస్తకంలో ఉప్పెన దొరికింది

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావ్? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? పుణెలో వానలు తగ్గాయా? నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "తర్వాత చెప్తాలే" అని దాటేస్తూ వచ్చిన సంగతి ఒకటుంది. ఫోన్లో మొదలుపెడితే సగంలో నీకు మీటింగ్ వస్తుంది, లేదా నాకు ఆటోనగర్ నుంచి పిలుపు వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది, తీరిగ్గా చదువు.

నాన్న పుస్తకం దొరికిందిరా.

నీకు గుర్తుండే ఉంటుంది. మనం ఎస్‌ఆర్‌ఆర్ కాలేజీలో చదివే రోజుల్లో నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చినా నాన్న వరండాలో పడక్కుర్చీ వేసుకుని పొడుగు నోటుపుస్తకంలో ఏదో ఒకటి రాస్తూ కనిపించేవాడు. ఆయన నాగాయలంక దగ్గర ఒక పల్లెలో టీచరుగా చేరిన కొత్తల్లోనే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆ రాత్రి తను చూసింది, తర్వాత ఊళ్ళలో మిగిలినవాళ్ళు చెప్పింది, గాలికీ వలకీ పడవకీ మట్టికీ అక్కడి జనం వాడే మాటలు, అన్నీ పాతికేళ్ళపాటు రాసుకున్నాడు. 2003లో గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్‌లో (కంప్యూటరు మీద పుస్తకం పేజీలు కూర్చే చోట) టైపు చేయించి 300 కాపీలు వేయించాడు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వెళ్ళినప్పుడు చేతిసంచిలో నాలుగు పెట్టుకుని వెళ్ళి పంచేవాడు. నీకూ ఒకటిచ్చాడు. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందని నువ్వు బాధపడ్డావు కూడా.

మిగిలిన రెండు కట్టలూ, ఆ నోటుపుస్తకాలూ సింగ్ నగర్ ఇంట్లో చెక్క బీరువా కింది అరలో ఉండేవి. 2024 సెప్టెంబరు 1 సంగతి నీకు తెలిసిందే. ఒకపక్క కృష్ణ పొంగి ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంకోపక్క గండ్లు పడి బుడమేరు సింగ్ నగర్ మీద పడింది. అమ్మని పై వాటా వాళ్ళు మేడమీదికి తీసుకెళ్ళారు. నీళ్ళు తీశాక మేం తలుపు తెరిస్తే బీరువా ఉబ్బిపోయి రాలేదు, గునపంతో తీశాం. పుస్తకాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా ఉన్నాయి. నోటుపుస్తకాల్లో సిరా కడిగేసినట్టు పోయింది. అమ్మ ఏడవలేదు. "ఆయన ఉప్పెనని రాస్తే దాన్నీ నీళ్ళే తీసుకెళ్ళాయి" అంది. ఆ మాట నాకు చాన్నాళ్ళు నిద్ర పట్టనివ్వలేదు.

మొన్న వేసవిలో ఇక్కడ మా ఇంట్లో అటక దులుపుతుంటే, పాత రేషన్ కార్డులున్న రేకుపెట్టెలో ఒక సీడీ దొరికింది. దానిమీద నాన్న చేతిరాత: "ఫైనల్ ప్రూఫ్". నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెప్పలేను. ఇప్పటి లాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే లేదు కదా, ఆఫీసులో ఒకతన్ని అడిగి డ్రైవ్ తెచ్చుకున్నాను. సీడీ బాగానే ఉంది. లోపల ఫైలు పేజ్‌మేకర్‌ది, అప్పట్లో డీటీపీవాళ్ళు పేజీలు కూర్చిన సాఫ్ట్‌వేర్ అది. ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది. నా లాప్‌టాప్‌లో అది లేదు. ఫైలుందని కనిపిస్తోంది, తెరవలేను.

గవర్నర్‌పేటలో నాన్న చేయించిన సెంటరు ఎప్పుడో మూసేశారు. ఆ పక్క సందులోనే ముప్పై ఏళ్ళుగా డీటీపీ చేస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన దగ్గర ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు ఇంకా నడుస్తోంది. సీడీ పెట్టి, ఫైలు మీద నొక్కి, ఒక నిమిషం ఆగాడు. తెరమీద నాన్న పుస్తకం మొదటి పేజీ వచ్చింది బావా. అదే అట్ట, అదే అంకితం, అమ్మ పేరు. ఆయన నన్ను చూసి కుర్చీ జరిపి మంచినీళ్ళిచ్చాడు. మొత్తం మేటరు కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. డబ్బు తీసుకోలేదు. "మాస్టారి పుస్తకం కదా" అన్నాడు.

ఇంటికొచ్చి వర్డ్‌లో తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు, చుక్కలు, పేజీల కొద్దీ అవే. అయినా ఆశ చావక "ఉప్పెన" అని టైపు చేసి వెతికాను. ఆ పుస్తకమంతా ఉప్పెన గురించే కదా. ఏమీ దొరకలేదని వచ్చింది.

నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నావు కాబట్టి నీకిది తెలిసిందే కావచ్చు. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం అనేదే లేదు. ఫాంటుకి ఉన్న 256 గళ్ళలో, ఇంగ్లీషు అక్షరాలుండాల్సిన చోట, తలకట్లూ గుడులూ కొమ్ములూ ఒత్తులూ ముక్కలు ముక్కలుగా పెట్టారు. ఆపరేటరు ఆ ముక్కలని పేర్చి తెలుగులా కనిపించే బొమ్మ కట్టేవాడు. కంప్యూటరు దృష్టిలో అది ఏవో ఇంగ్లీషు గుర్తుల వరసే. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. పైగా ఒక్కో కంపెనీ ఫాంటులో ముక్కల అమరిక ఒక్కో రకం.

ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే యూనికోడ్ పద్ధతి అలా కాదు కదా. అక్షరానికి ఒక అంకె. అ అంటే 3077, క అంటే 3093, ప్రపంచంలో ఏ ఫోన్లోనైనా అంతే. "ఉప్పెన" అంటే 3081, 3114, 3149, 3114, 3142, 3112. మధ్యలో ఉన్న 3149 పొల్లు, 3142 ఎత్వం. ఈ ఆరు అంకెలూ ఈ వరసలో ఉంటే అది ఉప్పెనే, ఫాంటు ఏదైనా సరే. ఇదంతా కొత్తగా వచ్చింది కూడా కాదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 128 గళ్ళు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. అంటే నాన్న టైపు చేయించే నాటికే దారి ఉంది. అదే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అప్పుడు అందులో ఎవరో ఉచితంగా కూర్చుని రాసిన తెలుగు ఇవాళ నా ఫోన్లో వెతికితే దొరుకుతుంది. అదే ఏడాది నాన్న తన పెన్షన్ డబ్బు పెట్టి చేయించిన తెలుగు దొరకలేదు. ఈ బాధ నాకింకా పోలేదు.

ఆపరేటర్లని నేను తప్పు పట్టను. ఆ పెద్దాయననే అడిగాను, ఇప్పటికీ పాత ఫాంట్లలోనే ఎందుకు చేస్తున్నారని. "పని ఇచ్చేవాళ్ళు ఆ అక్షరాల అందమే అడుగుతారు బాబూ. పైగా నా చేతులకి ఆపిల్ కీబోర్డే అలవాటు, ఇప్పుడు కొత్తది నేర్చుకుంటే రోజుకి చేసే పేజీలు సగానికి పడిపోతాయి" అన్నాడు. పేజీ లెక్కన బతికే మనిషి చెప్పే మాట అది, తీసెయ్యలేం. ఆపిల్ అంటే ఏ మీట నొక్కితే ఏ తెలుగు అక్షరం రావాలో చెప్పే ఒక పాత అమరిక (లేఔట్). కానీ అదే ఆపిల్ లేఔట్‌తో యూనికోడ్‌లో కొట్టే వీలుంది. అక్షరాల అందం సంగతంటావా, రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, ధూర్జటి లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇవి చూపిస్తే ఆయన శ్రద్ధగా చూశాడు, ధూర్జటి పోస్టర్లకి బాగుంటుందన్నాడు. ఏలూరు రోడ్డు షాపుల్లో అమ్మే పుస్తకాల్లో ఎన్నిటి ఫైళ్ళు ఈ నగరం సందుల్లో ఇలాంటి పాత కంప్యూటర్లలో ఉన్నాయో, ఒక్కో సెంటరు మూసేసినప్పుడల్లా ఎన్ని తుక్కుకింద పోతున్నాయో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. రచయితలు ఆపరేటరుని ఒక్క మాట అడిగితే చాలు: "నాకు యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వండి" అని. ప్రింటింగ్ ఎందులో చేసుకున్నా ఫరవాలేదు.

ఇది పుస్తకాలవాళ్ళ సమస్యే అనుకోకు. మనందరం రోజూ చేసేదీ ఇదే. వరదరోజుల్లో ఏం జరిగిందో చెప్తాను. అమ్మ మేడమీద ఉంది, కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తోంది. పడవలకీ పాలకీ మందులకీ ఫోన్ చెయ్యాల్సిన నంబర్ల జాబితా ఎవరో మంచి మనసుతో వాట్సాప్‌లో పంపారు. ఫొటోగా పంపారు. కాగితం మీద టైపు చేసి, దాన్ని ఫొటో తీసి. నంబరు మీద నొక్కితే కాల్ వెళ్ళదు. అమ్మకి కళ్ళు సరిగా ఆనవు, పెద్దది చేసి, ఒక్కో అంకె చదివి, కాగితం మీద రాసుకుని, మళ్ళీ నొక్కాలి. రెండుసార్లు రాంగ్ నంబరు పోయింది. అవే నంబర్లు మామూలు మెసేజ్‌లా టైపు చేసి పంపి ఉంటే ఒక్క వేలితో అయిపోయేది. నేను ఇక్కడినుంచి అవన్నీ టైపు చేసి పంపేసరికి ఆవిడ ఫోన్ ఆగిపోయింది. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు గూగుల్ లెన్స్ లాంటివి బొమ్మలోంచి తెలుగు చదువుతున్నాయి, నిజమే, నేనూ వాడుతున్నాను. అయినా మసకగా ఉంటే ఒత్తుల దగ్గర తడబడతాయి. టైపు చేసిందాన్ని బొమ్మ చేసి, మళ్ళీ బొమ్మలోంచి అక్షరాలు లాగడం ఎందుకు? మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ళ ట్యాంకు కడిగే తేదీ కూడా పూలదండల బొమ్మలోనే వస్తుంది. ఆర్నెల్ల తర్వాత "ట్యాంకు" అని వెతికితే ఏమీ రాదు. ఇప్పుడు సెక్రటరీగారికి చెప్పి మామూలు మెసేజ్ కూడా పెట్టిస్తున్నాను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళ గురించి నువ్వూ నేనూ చాలాసార్లు గొడవపడ్డాం. వాళ్ళని తప్పు పట్టలేమన్న నీ మాటలో కొంత న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒకప్పుడు ఫోన్లలో తెలుగు కొట్టడం నరకమే. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పట్టేవి, తెలుగైతే 70. అందులోనూ "లక్ష్మి" అన్న ఒక్క పేరుకే ఏడు పోయేవి. 2018 ఫిబ్రవరిలో గుర్తుందా, మన "జ్ఞా" అక్షరం ఒక రకంగా వస్తే ఐఫోన్లలో ఆప్‌లు ఆగిపోయేవి, ఆపిల్ కంపెనీ హడావిడిగా అప్‌డేట్ ఇచ్చింది. అలాంటి రోజుల్లో అలవాటు పడినవాళ్ళని ఏమంటాం? కానీ ఇప్పుడు ఆ కష్టాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలు కొట్టినా కీబోర్డే తెలుగు చేసి పెడుతుంది. అది కూడా వద్దంటే మైకు నొక్కి మాట్లాడితే చాలు. అమ్మ అలాగే చేస్తుంది. ఆవిడ పలికే కొన్ని దివిసీమ మాటలు దానికి అర్థం కావు. ఓపిగ్గా మళ్ళీ చెప్తుంది, అప్పటికీ రాకపోతే ఆ ఒక్క మాట నాతో టైపు చేయిస్తుంది.

మళ్ళీ నాన్న పుస్తకం దగ్గరికి వస్తాను. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. రెండు మూడు చూశాక ఒకటి కుదిరింది. పేజీ పేజీ వేస్తూ పోయాను. తప్పులు చాలా పడ్డాయి. క్రారవడి (ర ఒత్తు) పక్క అక్షరానికి తగులుకుంది. "ఘంటసాల" అన్న చోటల్లా మొదటి అక్షరం పాడైంది. నాన్న ప్రత్యేకంగా పెట్టించిన బండి ఱలన్నీ ఎగిరిపోయాయి. అయినా చదవడానికి వస్తోంది. మొత్తం అయ్యాక మళ్ళీ "ఉప్పెన" అని కొట్టాను. 63 చోట్ల పసుపుపచ్చగా వెలిగింది. ఒక్కోదాన్నీ నొక్కుకుంటూ వెళ్ళాను. పదిహేడో చోట, అమ్మతో పెళ్ళి కుదిరిన సంగతి ఉంది. ఉప్పెన తర్వాత బియ్యం పంచడానికి వచ్చిన వాళ్ళలో మా తాతయ్య ఉన్నాడట. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రే అమ్మకి ఫోన్లో పెట్టి, పైకి చదివించాను. గొంతు యంత్రంలాగే ఉంది, కొన్నిచోట్ల తప్పుగా విరుస్తుంది. అమ్మ కళ్ళు మూసుకుని గంటన్నర విన్నది. మధ్యలో ఒకచోట ఆపమని, "ఆ మాట అది కాదురా, మీ నాన్న అలా రాసుండడు" అంది. చూస్తే కన్వర్టర్ తప్పే. అప్పట్నుంచి రోజూ పది పేజీలు వింటోంది, నేను పక్కన కూర్చుని దిద్దుతున్నాను.

ఇక అసలు పని. మొత్తం 184 పేజీలు. అమ్మా నేనూ 96 పూర్తి చేశాం. సంక్రాంతి లోపల అవ్వాలని నా కోరిక. 97 నుంచి 140 దాకా నీకు మెయిల్ చేస్తున్నాను, వలల పేర్లూ పడవల పేర్లూ ఉన్న అధ్యాయం. నువ్వు మాస్టారి దగ్గర ఛందస్సు నేర్చుకున్నవాడివి, నీ కంటికి తప్పులు దొరుకుతాయి. అనుమానం ఉన్న మాట పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టు, అమ్మని అడుగుతాను. వర్డ్ ఫైల్లోనే దిద్దు. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపకు.

చెల్లెమ్మకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ
బావ