సిరొంచలో ఉన్న బిడ్డకు: మనుబోతు గురించి

రాజురా

చిరంజీవి సునందకు బాపు ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వడిగింది సగమే వినబడింది, నేను చెప్పింది నీకు ఆ సగం కూడా అందినట్టు లేదు. ఆ సిగ్నల్‌తో కుస్తీ పట్టడం కంటే రాయడమే నయం అనిపించింది. అడవి శాఖ తరఫున పంట నష్టం చూడటానికి పోతే రైతు మనుబోతు మేసిందన్నాడు, నీతో వచ్చిన సీనియర్ కాగితం మీద మరాఠీలో రోహి అని రాశాడు, పక్కనున్న గోండు పెద్దాయన ఇంకేదో పేరు చెప్పాడు. ఈ మూడూ ఒకటేనా అనే కదా నీ ప్రశ్న. మొదటి రెండూ ఒకటే బిడ్డా. మూడోది ఆయన ఏమన్నాడో నువ్వు సరిగ్గా చెప్పలేదు. ఇంగ్లీషువాళ్ల కాలపు జంతువుల పుస్తకాల్లో నీల్‌గాయికి తెలుగులో మనుపోతు అని, గోండీలో గురాయ అని రాసి ఉంటుంది. ఆయన అన్నది దానికి దగ్గరగా ఉంటే అదే.

మన తెలుగు పేరులో పోతు ఉంది చూశావా. ఎనుబోతు, మేకపోతు అన్నట్టే ఇదీ మగదాని పేరు. హిందీవాళ్లు దాన్నే నీల్‌గాయి అన్నారు, అంటే నీలి ఆవు. నిజానికి నీలంగా ఉండేది మగది. బూడిద రంగు మీద నీలం ఛాయ కొడుతుంది, వయసు పెరిగేకొద్దీ ముదురుతుంది. ఆడది, పిల్లలు లేత గోధుమ రంగులో ఉంటాయి. అంటే హిందీ పేరు రంగేమో మగదాని దగ్గర తీసుకుని, గాయి అని ఆడమాట తగిలించింది. మనం పోతు అని సరిగ్గానే పట్టుకున్నాం గానీ, పిల్లల్ని వెంటేసుకుని చేలో దిగే ఆడదాన్ని కూడా మనుబోతే అంటున్నాం. ఎవరి పేరూ మొత్తం మందకు సరిపోలేదు.

శాస్త్రంవాళ్ల పేరు ఇంకా తమాషా. బోసెలాఫస్ ట్రాగోకేమెలస్. 1766లో పల్లాస్ అనే జర్మన్ పండితుడు దాన్ని ట్రాగోకేమెలస్ అన్నాడు. గ్రీకులో ట్రాగోస్ అంటే మేకపోతు, కేమెలోస్ అంటే ఒంటె. తర్వాత 1816లో బ్లాన్‌విల్ అనే ఫ్రెంచి ఆయన ముందు భాగం పెట్టాడు. బోస్ అంటే లాటిన్లో ఎద్దు, ఎలాఫోస్ అంటే గ్రీకులో దుప్పి. ఒక్క జంతువు పేరులో నాలుగు జంతువులు! నవ్వొస్తుంది గానీ, ఈసారి ఎదురుపడితే తీరిగ్గా చూడు. భుజం ఎత్తుగా ఉండి వీపు వెనక్కి వాలి ఉంటుంది. గొంతు కింద తెల్లటి మచ్చ, దాని కింద మేక గడ్డంలాంటి వెంట్రుకల కుచ్చు. మగదానికి అంత ఒళ్లుండి కూడా కొమ్ములు జానెడే. గిట్టల పైన తెల్లని పట్టీలు. ఎద్దు, దుప్పి, మేక, ఒంటె అని ఎందుకు తడుముకున్నారో నీకే తెలుస్తుంది.

పరీక్షకు నువ్వు చదివిన పుస్తకంలో దీన్ని ఆంటిలోప్ అని ఉంటుంది, ఆసియా మొత్తంలో అతి పెద్దది అని కూడా. మగది రెండు క్వింటాళ్లు దాటుతుంది. ఆంటిలోప్‌కు మన దగ్గర విడిగా మాట లేదు, జింక అని సరిపెట్టుకుంటాం. దుప్పికి ఏటా కొమ్ములు రాలి మళ్లీ వస్తాయి, కొమ్మలు కూడా వేస్తాయి. వీటికి పుట్టాక వచ్చిన కొమ్ము చచ్చేదాకా ఉంటుంది, కొమ్మలు వేయదు. ఆ తేడా గుర్తు పెట్టుకో, ఎవరో ఒకరు అడుగుతారు. కానీ ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కృష్ణజింక, నీల్‌గాయి రెండూ ఆంటిలోపులే అయినా, వరసకు నీల్‌గాయి ఆవు, బర్రెల వైపు చుట్టం. శాస్త్రం ప్రకారం ఆవు ఉన్న ఉపకుటుంబంలోనే ఇదీ ఉంది, కృష్ణజింక వేరే ఉపకుటుంబం. దీనికి బతికున్న దగ్గరి బంధువు ఒక్కటే, నాలుగు కొమ్ముల కొండగొర్రె. అది తాడోబా అడవిలో ఉంది. దాన్ని మనం గొర్రె అనడం కూడా న్యాయం కాదనుకో, ఆ సంగతి ఇంకోసారి.

అందుకే పట్నం నుంచి వచ్చి "అది ఆవు కాదు, మీరంతా మూఢనమ్మకంతో ఆవంటున్నారు" అని క్లాసు పీకేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆవు కాదు, నిజమే. అలాగని ఊళ్లవాళ్ల కన్ను అంత గుడ్డిదీ కాదు.

తర్కం చదువుకున్న మా గురువుగారు ఒకాయన ఉపమానం గురించి, అంటే పోలికతో తెలుసుకోవడం గురించి చెప్పినప్పుడు ఈ జంతువునే తెచ్చేవారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే అంటారు. అందులో ఉదాహరణ ఇది. గవయం అంటే ఏమిటో తెలియని ఊరి మనిషికి, అది ఆవులాంటి మృగం అని అడవి మనిషి చెప్తాడు. ఈయన అడవికి పోతాడు, ఆవులాంటిదొకటి కనబడుతుంది, విన్న మాట గుర్తొస్తుంది, దీన్నే గవయం అంటారన్నమాట అని తెలుస్తుంది. గవయం అంటే నీల్‌గాయే అని కొందరు, కాదు అడవి పశువు ఇంకోటి అని కొందరు. ఆ పంచాయితీ పండితులు తేల్చుకుంటారు. నాకు నచ్చింది ఏమిటంటే, ఇప్పుడు కథ తిరగబడింది. గవయమే ఊరికొస్తోంది. అడవి శాఖ మనిషివైన నీకు అది ఎలా ఉందో రైతు చెప్తున్నాడు.

ఇక రోహి. హిందీ వైపు రోఝ్ అని కూడా అంటారు. అది సంస్కృతం ఋశ్యం నుంచి వచ్చిందని భాష తెలిసినవాళ్ల మాట. ఋశ్యశృంగుడి పేరులో ఉన్నది అదే. మన రోహి కూడా ఆ వైపు మాటలాగే నాకు వినిపిస్తుంది. ఉత్తరాదిన కొన్నాళ్లుగా గాయి అనే మాట తీసేసి రోజ్, రోజడ్ అనే పిలవాలన్న వాదన నడుస్తోంది. గాయి అన్నంతకాలం జనం చంపనివ్వరు, పేరు మారిస్తే తుపాకీ ఎత్తడం తేలిక అని లెక్క. పేరు ఒక్కటే దాన్ని కాపాడిందంటే నేను నమ్మను. పర్షియన్‌లో గావ్ అన్నా ఆవే. నీలాగావ్ అని పిలుస్తూనే జహంగీర్ వాటిని వేటాడాడు. గురి చూసుకున్న వేళ ఒక మగది బెదిరి పారిపోతే, అడ్డొచ్చినందుకు గుర్రాలవాడిని చంపించి, బోయీల కాళ్ల నరాలు కోయించానని ఆయనే రాసుకున్నాడు. బీహార్‌లో 2015 చివర కేంద్రం కొన్ని జిల్లాలకు దీన్ని పంటలు పాడుచేసే జంతువుగా ప్రకటించింది, 2016 జూన్‌లో మొకామా దగ్గర రెండు వందలకు పైగా కాల్చారు. అప్పుడూ పేరు నీల్‌గాయే.

మహారాష్ట్రలో మనమేమో రోహి అంటూనే ఏళ్ల తరబడి దాన్ని భరిస్తున్నాం. మన రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే కాబట్టి ఇంట్లో మనుబోతు, ఊరి రెవెన్యూ లెక్కలు రాసే తలాఠీ దగ్గర రోహి, గుడి దగ్గర కూర్చుంటే గాయి. ఇది గమనించు బిడ్డా, నీ ఉద్యోగానికి పనికొస్తుంది. కోపంలో ఉన్న రైతు గాయి అనడు. పంట పోయిన మనిషి నోట రోహి వస్తుంది, దాని ముందో వెనకో ఒక తిట్టు ఉంటుంది. భర్పాయి, అంటే నష్టపరిహారం అందినవాడు, పొలం లేనివాడు, పూజకు కూర్చున్నవాడు గాయి అంటారు. ఎవరే మాట అన్నారో విని, అదే మాట కాగితం మీద పెట్టి, పక్కన శాఖ పేరు రాయి. చదివి వినిపిస్తే పంట పోయిన ఆ రైతుకు తన మాట తనకు వినపడాలి. వినపడకపోతే వేలిముద్ర వేయడానికి చేయి రాదు.

అడవిపంది పనా, దీని పనా అన్నది చూపుతోనే తేల్చు. పంది నేల తవ్వుతుంది, మొక్కను అడ్డంగా పడేస్తుంది. ఇది నిలబడి తుంపుతుంది. కందిలో నడుము ఎత్తున చిగుళ్లు కొరికేసినట్టుంటే ఇదే. సోయాబీన్‌లో పడుకున్న చోట మొక్కలు చాపలా అణిగి ఉంటాయి. పేడ కూడా చూడు. ఇవి వచ్చిన చోటికే వచ్చి ఒకే కుప్ప మీద వేస్తాయి. మన చేను తూర్పు గట్టు మీద అట్లాంటి కుప్ప ఒకటుంది, పైన తడిగా మెరిసే గుళికలు, కింద ఎండి తెల్లబడ్డవి, అంచుల్లో గడ్డి కూడా మొలిచింది. అది కనబడితే దారి తప్పి వచ్చింది కాదు, అలవాటుగా వస్తోందని రాయొచ్చు.

మీ అమ్మ సంగతి. చెనగ వేయబోతున్నాం, చుట్టూ పాత చీరలు కట్టాలంటే బీరువా తాళం ఇవ్వనంటోంది. పోయినేడు కట్టిన వాటిలో ఆమె పెళ్లినాటి పసుపు చీర కూడా పోయిందని కోపం. ఆ చీరలకు అవి మొదట్లో బెదురుతాయి, తర్వాత పక్కన నిలబడి మేస్తాయి. అయినా ఊరంతా కట్టాక మనమొక్కళ్లం కట్టకపోతే మంద మొత్తం మన మీదికే తిరుగుతుంది. ఇంకో రెండు వారాలు మంచె మీద పడుకోక తప్పేట్టు లేదు. బ్యాటరీ లైటు కొత్తది కొన్నాను, టెన్షన్ పడకు, నడుం నొప్పి తగ్గింది.

భర్పాయి అర్జీ వేశాను. నా బిడ్డ ఫారెస్టులో ఉందని ఇక్కడ ఎవరితోనూ అనలేదు, నువ్వు కూడా ఎవరికీ ఫోన్ చేయొద్దు. వరుసలో ఎప్పుడొస్తే అప్పుడే.

ఆ గోండు పెద్దాయన మళ్లీ కలిస్తే ఆడదానికి వాళ్ల మాటలో విడిగా పేరుందేమో అడుగు. మన వైపు నేనెప్పుడూ వినలేదు. ఉంటే పలికినట్టే రాసి పంపు, మరాఠీ లిపిలో అయినా సరే. సంక్రాంతికి సెలవు దొరుకుతుందో లేదో కూడా రాయి, చెనగ పీకేటప్పుడు మనిషి కావాలి.

మీ బాపు