గొడుగు పట్టిన మేడమ్‌కి

టెక్సాస్‌లో చార్టర్ స్కూళ్లు (సర్కారు అనుమతితో ఎక్కువగా ప్రైవేటు సంస్థలు నడిపే బడులు) 1995 చట్టంతో వచ్చాయి. సర్కారు డబ్బుతోనే నడుస్తాయి, ఫీజుండదు, సీట్లకి మించి దరఖాస్తులొస్తే మామూలుగా లాటరీయే. మా పాపకి సీటొచ్చిందన్న సంబరం, బస్సు లేదనేసరికి సగమైంది. (చాలా చార్టర్లలో ఇదే తంతు.)

మొన్న పాపని తెచ్చుకోడానికి కారులో వెళ్తుంటే, వానలో దారి మధ్య టైరు పంక్చరైంది. ఒకటే టెన్షన్. చేరేసరికి కార్ లైన్ (పిల్లల్ని ఎక్కించుకునే కార్ల వరస) ఖాళీ. మెడలో విజిల్ వేసుకున్న ఒక మేడమ్ మాత్రం పాపకి గొడుగు పట్టి నిలబడ్డారు. ఆవిడ భుజం ముద్దగా తడిసిపోయింది. పైగా పాప చేతికి వాకీటాకీ ఇచ్చి, దాన్ని పెద్ద ఆఫీసర్ని చేశారు! థ్యాంక్స్ చెప్పేలోపే లోపలికి వెళ్లిపోయారు.

మేడమ్, మీ మేలు మర్చిపోను. శుక్రవారం ఫ్రంట్ ఆఫీసులో మీకోసం పులిహోర ఇచ్చి వెళ్తాను, కారం తక్కువే వేస్తాను.