ఊరగాయను ఊరగాయగానే అమ్ముతాం

మా టమోటా ఊరగాయ తెప్పించుకునే వాళ్లందరికీ నమస్కారం.

ఈ మధ్య ఆర్డర్లు ఉన్నట్టుండి పెరిగాయి. సంతోషమే. కానీ ఫోన్ చేసేవాళ్లు చాలామంది రుచి గురించి కాకుండా ముఖం గురించి అడుగుతున్నారు. టమోటా తింటే ఎండకు చర్మం ముడతలు పడదని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని కింద ఎవరో మా సీసా ఫొటో అతికించారు. అది మేం పెట్టింది కాదు.

ఆ మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. టమోటాకు ఎర్రరంగు ఇచ్చేది లైకోపీన్. దాని మీద జర్మనీ పరిశోధకులు 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజూ 40 గ్రాముల టమోటా పేస్టును 10 గ్రాముల ఆలివ్ నూనెతో 10 వారాలు తినిపించి, చర్మం మీద అతినీలలోహిత కాంతి పడేలా చేశారు. తిననివాళ్లతో పోలిస్తే కమిలిన ఎరుపు దాదాపు 40 శాతం తగ్గింది. నాలుగో వారంలో చూసినప్పుడు మాత్రం తేడా ఏమీ లేదు. పైగా అందులో పాల్గొన్నది పాతికమంది కూడా కాదు, కొలిచింది ఎరుపునే, ముడతలను కాదు.

టమోటా ఉడికి, నూనె తగిలితే లైకోపీన్ ఒంటికి బాగా అందుతుంది. అందుకు ఇంట్లో వండే టమోటా పప్పు, కూర చాలు. ఊరగాయ వద్దు. నిలవ ఉండాలని మేం ఉప్పు గట్టిగానే వేస్తాం. అన్నంలో నంజుకోవాల్సినదాన్ని రోజూ గరిటెడు తింటే చర్మం సంగతేమో గానీ బీపీ పెరగొచ్చు.

ముడతల గురించే అయితే ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో 900 మందికి పైగా పెద్దవాళ్లను నాలుగున్నరేళ్లు గమనించారు. తోచినప్పుడు సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల కన్నా రోజూ రాసుకున్నవాళ్ల చర్మం ముదరడం 24 శాతం తక్కువ. అదే పరిశోధనలో, క్యారెట్‌లో ఉండే బీటాకెరోటిన్‌ను మాత్రలుగా మింగినవాళ్లకు చెప్పుకోదగ్గ మేలేమీ కనపడలేదు. మా మేడ మీద ముక్కలు ఎండబెట్టే అక్కలు రోజూ ఈ ఊరగాయే తింటారు, అయినా కొంగు నెత్తిన కప్పుకోకుండా ఎండలోకి అడుగుపెట్టరు.

ఒక షాపాయన 'స్కిన్ గ్లో' అని స్టిక్కర్ వేసిస్తే పెద్ద ఆర్డర్ ఇస్తానన్నాడు. వేయం అని చెప్పేశాం. ఆ డబ్బు మాకు అవసరమే, అబద్ధమెందుకు. కానీ జనాన్ని తప్పుదోవ పట్టించే మాట లేబుల్ మీద వేయడానికి ఆహార భద్రతా చట్టం ఒప్పుకోదు, మాకూ మనసొప్పలేదు.

ఉప్పు లేని పేస్టు చేసిమ్మని కొందరు అడిగారు. అది చెడిపోకుండా సీసాల్లో నింపే మిషన్లు మా దగ్గర లేవు, కాబట్టి చేయం.

చర్మం కోసమే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సిల్ బయల్దేరేలోపు ఒక్క మెసేజ్ పెట్టండి, డబ్బు మొత్తం వెనక్కి వేస్తాం. మదనపల్లె మార్కెట్‌లో టమోటా ధర ఎక్కుతూ దిగుతూ ఉన్నా, ఈ నెల మా సీసా రేటు మార్చడం లేదు.